తెల్లచీర వెనక చరిత్ర (ఉత్తరాంధ్ర శ్రమ చరిత్రలు – 7)



గత భాగంలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వేసిన రైలుమార్గం గురించి రాశాను. బైలడిల్లా ఇనుపరాయి ఓడలెక్కి జపాన్ ఎలా పోయిందో, ఆ పట్టాల కోసం కొండల్ని తవ్విన చేతులు ఎవరివో మాట్లాడుకున్నాం. ఈ భాగంలో అదే కొత్తవలస స్టేషన్‌లో రోజూ విశాఖపట్నం బండెక్కే ఇంకో శ్రామిక వర్గం గురించి రాస్తున్నాను. చేతిలో క్యారేజీ, సంచీలో ఉతికి మడతపెట్టిన యూనిఫాం, మెడలో ఐడీ కార్డు. వాళ్ళు నర్సులు. వాళ్ళలో మన పేటల ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. అయినా మన ఉద్యమ చరిత్రల్లో వాళ్ళ గురించి ఒక పేజీ దొరకదు. రైతుకూలీ ఉంది, పారిశుద్ధ్య కార్మికుడు ఉన్నాడు, నర్సు లేదు.

ఈమధ్య నర్సింగ్ చదువుతున్న మా పేట అమ్మాయి తన ప్రాజెక్టు కోసం తయారుచేసిన ప్రశ్నల కాగితం నాకు చూపించింది. నర్సుల పనితీరు, ఉద్యోగంలో తృప్తి వేటిమీద ఆధారపడతాయి అన్నది విషయం. రెండు గడులు గీసి ఉన్నాయి. ఒకటి వ్యక్తిగత అంశాలు: వయసు, పెళ్ళి, పిల్లలు, చదువు, అనుభవం. రెండోది పనిచోటి అంశాలు: జీతం, షిఫ్టులు, రోగుల సంఖ్య, పై అధికారుల తీరు, ప్రమోషన్లు. "కులం ఏ గడిలో రాయాలన్నా?" అని అడిగింది. ఆమె అడిగినది చిన్న ప్రశ్న కాదు. దాని జవాబు కోసం 150 ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

1. ముట్టుకునే పని

నర్సు పని అంటే ఏమిటి? పక్కన పెట్టాల్సిన మాటలన్నీ పక్కన పెట్టి చూస్తే, ఇంకో మనిషి ఒంటిని ముట్టుకోవడం. నెత్తురు, చీము, మలం, మూత్రం, పురిటి మైల, శవం. మన దేశంలో కులం నిలబడిందే ఈ ముట్టుకోవడం మీద. ఏది ముట్టుకోవాలి, ఎవరు ముట్టుకోవాలి, ముట్టుకున్నాక ఎవరు ఎంత దూరం నిలబడాలి అన్నదే అంటరానితనం రాసుకున్న రాజ్యాంగం. అందుకే మన ఊళ్ళలో పురుడు పోసే మంత్రసాని పని మంగలి స్త్రీలకో దళిత స్త్రీలకో అప్పజెప్పారు. బిడ్డని భూమ్మీదకి తెచ్చినంత సేపూ ఆమె చెయ్యి కావాలి. బొడ్డు కోసి, మాయ పాతిపెట్టి, మైలబట్టలు ఉతికాక ఆమె గుమ్మం బయటే. చేటలో బియ్యం, ఒక పాతచీర. అదే జీతం.

మే 12న అందరూ ఫ్లోరెన్స్ నైటింగేల్‌ని తలుచుకుంటారు. తలుచుకోవాలి కూడా. 1854 క్రిమియా యుద్ధంలో ఆమె చేసిన పని, 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో పెట్టిన శిక్షణాలయం చిన్నవి కావు. ఇంగ్లండులో పెద్దింటి ఆడవాళ్ళు చెయ్యకూడని పనిగా చూసిన నర్సింగ్‌ని గౌరవమున్న వృత్తిగా నిలబెట్టింది. కానీ నైటింగేల్ ఏనాడూ ఇండియా రాలేదు. ఇక్కడ ఆ పనికి పట్టిన మైల వేరు.

మనకి ఇంకో తేదీ ఉంది. మార్చి 10. 1897లో పూనాలో ప్లేగు వచ్చినప్పుడు తల్లి సావిత్రీబాయి ఫూలే, పెంపుడు కొడుకు డాక్టర్ యశ్వంత్‌తో కలిసి ఊరి బయట ప్లేగు రోగులకు సేవ చేసింది. ముంధ్వా మహర్‌వాడలో జబ్బుపడ్డ పిల్లవాడిని వీపున మోసుకుని తెచ్చింది. ఆ ప్లేగే సోకి మార్చి 10న చనిపోయింది. శూద్ర కులంలో పుట్టిన స్త్రీ, అంటరాని పిల్లవాడిని, అంటువ్యాధి రోజుల్లో వీపు మీద వేసుకుంది. నర్సింగ్ కాలేజీల గోడల మీద నైటింగేల్ దీపం బొమ్మ పక్కన ఈ తల్లి బొమ్మ ఎందుకు ఉండదో అడగాల్సింది మనమే.

2. మిషను ఆసుపత్రి గేటు

1871లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలైంది. సర్కారు ఆసుపత్రుల్లో ఆ రోజుల్లో ఈ ఉద్యోగాలు ఎక్కువగా యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ స్త్రీలవి. తెలుగు నేలమీద మన ఆడపిల్లలకి తెరుచుకున్నది మిషను ఆసుపత్రి గేటు. 1883లో అమెరికన్ లూథరన్ మిషను తరఫున గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్, మన వైపు కెనడియన్ బాప్టిస్టులు. కాకినాడలో 1874లో మొదలైన కెనడియన్ల పని బొబ్బిలి, చికాకోల్ అనే శ్రీకాకుళం, సోంపేట దాకా పాకింది. పిఠాపురంలో డాక్టర్ జెస్సీ అల్లిన్ ఆడవాళ్ళకు, పిల్లలకు వైద్యం చేసింది. సోంపేటలో డాక్టర్ బెన్ గల్లిసన్ కళ్ళ ఆసుపత్రి ఎంత పేరు తెచ్చుకుందంటే, ఆ పనికి తోడుగానే 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది.

ఈ డాక్టర్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. వాళ్ళ పక్కన నిలబడి గాజుగుడ్డ అందించిన, రాత్రంతా రోగి దగ్గర కూర్చున్న తెలుగు స్త్రీల పేర్లు చాలావరకు లేవు. ఎవరు వాళ్ళు? క్రైస్తవం పుచ్చుకున్న మాల, మాదిగ కుటుంబాల ఆడపిల్లలు, దిక్కులేని వితంతువులు, మిషను బోర్డింగుల్లో పెరిగిన అనాథలు. పైకులాల ఆడపిల్లలు రాలేదు. పరాయి మగవాడి ఒళ్ళు ముట్టుకోవడం, రాత్రి డ్యూటీ, ఎవరి మలమో ఎత్తడం, ఇవి వాళ్ళ ఇళ్ళలో ఊహకి కూడా అందని పనులు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. అంటరాని పనిని అంటరానివాళ్ళే మళ్ళీ చేశారు కదా, ఇందులో విముక్తి ఏముంది అని కొందరు మిత్రులు అడుగుతారు. ఉంది. మొదటిది చదువు. ఏ చేతిని పలక పట్టనివ్వలేదో ఆ చెయ్యి థర్మామీటర్ చదివింది, చార్టు రాసింది. రెండోది నెలజీతం. చేటలో బియ్యం కాదు, లెక్కపెట్టి చేతిలో పెట్టే డబ్బు. మూడోది పిలుపు. ఊళ్ళో "ఏమే", "ఒసే" తప్ప ఎరగని మనిషిని పట్నం ఆసుపత్రిలో పెద్దకులం పెద్దమనిషి కూడా "సిస్టర్" అని పిలవాల్సి వచ్చింది. నాలుగోది తెల్లచీర. మురికి బట్టే మీ వాటా అన్న సమాజం ముందు ఆమె గంజి పెట్టిన తెల్లచీరలో నడిచింది.

అదే "సిస్టర్" అన్న పిలుపులో ఒక ఉచ్చు కూడా ఉంది. సోదరికి జీతమేమిటి, సేవకి వేళలేమిటి అన్న నీతి. మిషను నుంచి సర్కారుకి, సర్కారు నుంచి కార్పొరేటుకి ఆసుపత్రులు చేతులు మారినా ఆ నీతి మాత్రం మారలేదు. జీతం పెంచమంటే, "ఇది ఉద్యోగం కాదమ్మా, సేవ" అంటారు. డాక్టరుకి ఎవరూ ఆ మాట చెప్పరు.

3. మెట్లు కట్టిన తెలుపు

1923 జులైలో విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి మొదలైంది. అదే ఏడాది మెడికల్ కాలేజీ. 1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. రిజిస్టరులో పేరున్నవాళ్ళే నర్సులు. మంచిదే. కానీ ఆ రిజిస్టరులో పేరెక్కని మన ఊరి మంత్రసాని చేతి విద్య ఆ తర్వాత్తర్వాత "నాటు" అయిపోయింది. ఆమె మనవరాలు ఆ విద్యనే కాలేజీలో ఫీజు కట్టి నేర్చుకోవాల్సి వచ్చింది.

1946లో భోర్ కమిటీ నివేదిక ఇచ్చింది. బ్రిటిష్ ఇండియా మొత్తానికి నర్సులు సుమారు 7,000. డాక్టర్లు సుమారు 47,500. 43,000 మంది జనానికి ఒక నర్సు. ఒక్క నర్సు పక్కన ఆరుగురు, ఏడుగురు డాక్టర్లు ఉన్న దేశం మనది. ప్రపంచంలో చాలా దేశాల్లో లెక్క తిరగబడి ఉంటుంది. ఎందుకిలా? డాక్టరు చదువు పైకులం మగవాడి ఇంట్లో గౌరవం, నర్సు పని ఆ ఇంట్లో అవమానం కాబట్టి. నర్సులు బతికే, పనిచేసే పరిస్థితులు చాలా చోట్ల ఘోరంగా ఉన్నాయని ఆ కమిటీయే రాసింది. ఆ తర్వాత 1954లో శెట్టి కమిటీ, 1989లో సరోజినీ వరదప్పన్ అధ్యక్షతన హైపవర్ కమిటీ, అన్నీ దాదాపు ఇవే సంగతులు చెప్పాయి: సిబ్బంది తక్కువ, జీతం తక్కువ, ఉండటానికి చోటు లేదు, ప్రమోషన్ లేదు. ఒకే జబ్బుని 40 ఏళ్ళలో మూడు సార్లు పరీక్ష చేశారు. మందు మాత్రం వెయ్యలేదు.

ఈ లోపు నర్సింగ్‌లోనే మెట్లు కట్టారు. 1946లో వేలూరు, ఢిల్లీల్లో డిగ్రీ మొదలైంది. 1950 తర్వాత ఏఎన్ఎం, అంటే సహాయక నర్సు వచ్చింది. పైన బీఎస్సీ, నడుమ జీఎన్ఎం, కింద ఏఎన్ఎం. చదివించే స్తోమత ఉన్న ఇల్లు పైమెట్టుకి, కూలి చేసుకునే ఇల్లు పిల్లని కిందిమెట్టుకి. అది ఎవరూ కులం పేరు చెప్పి చెయ్యలేదు. ఫీజు రసీదు చాలు.

ఇది మన దేశంలోనే జరిగిందా? కాదు. 1948లో బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ మొదలుపెట్టి, నర్సులు చాలక కరీబియన్ దీవుల నుంచి నల్లజాతి ఆడపిల్లల్ని పిలిపించుకుంది. వచ్చినవాళ్ళలో చాలామందిని మూడేళ్ళ రిజిస్టర్డ్ నర్సు చదువుకి కాక, రెండేళ్ళ ఎన్‌రోల్డ్ నర్సు చదువుకి మళ్ళించారు. తిరిగి తమ దేశం వెళ్తే ఆ సర్టిఫికెట్ చెల్లదని చాలామందికి చదువు పూర్తయ్యాకే తెలిసింది. అమెరికాలో నల్ల నర్సులు తెల్లవాళ్ళ సంఘంలో చోటు లేక 1908లో సొంత సంఘం పెట్టుకుని, 1951 దాకా నడిపి, తలుపులు తెరిపించుకున్నారు. కిందిమెట్టు ఎప్పుడూ దానంతట అదే ఏర్పడదు. ఎవరో కడతారు.

ఏఎన్ఎం కథ ఇంకా చేదు. కాన్పులు చెయ్యడానికని తెచ్చిన ఆమెని కుటుంబ నియంత్రణ టార్గెట్ల వెంట పరిగెత్తించారు. ఎమర్జెన్సీ రోజుల్లో ఊళ్ళో ఆమెని చూస్తే జనం దాక్కునేవాళ్ళు. 1996లో టార్గెట్లు ఎత్తేశామని సర్కారు ప్రకటించేదాకా ఆమె పనికి కొలత ఎన్ని ఆపరేషన్లు అన్నదే. కాపాడిన ప్రాణాలకి ఆ రిజిస్టరులో గడి లేదు.

4. తృప్తి గురించి మొదట చెప్పిందెవరు?

ఉద్యోగ తృప్తి అనగానే మేనేజ్‌మెంట్ పుస్తకాలు ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ పేరు చెబుతాయి. 1959లో ఆయన పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లు, అకౌంటెంట్లతో మాట్లాడి ఒక సిద్ధాంతం చేశాడు. జీతం, పని పరిస్థితులు, పర్యవేక్షణ బాగులేకపోతే అసంతృప్తి పుడుతుంది. అవి బాగున్నంత మాత్రాన తృప్తి రాదు. తృప్తి సాధించిన పని నుంచి, గుర్తింపు నుంచి, ఎదుగుదల నుంచి వస్తుంది. మొదటి రకానికి ఆయన పెట్టిన పేరు "హైజీన్" అంశాలు. పరిశుభ్రత! ఈ దేశంలో పరిశుభ్రత అన్న మాటకి ఎవరి వీపు మీద ఎంత బరువు ఉందో ఆయనకి తెలియదు.

దానికి 23 ఏళ్ళ ముందే, 1936లో, బాబాసాహెబ్ లాహోరులో చెయ్యనివ్వని ప్రసంగాన్ని 'కుల నిర్మూలన'గా తన ఖర్చుతో అచ్చువేశారు. అందులో కులం ఆర్థికంగా ఎందుకు పనికిరాదో వివరిస్తూ చేసిన వాదన చూడండి. కులం మనిషి ఇష్టాన్ని, సామర్థ్యాన్ని బట్టి పని ఇవ్వదు, పుట్టుకని బట్టి ఇస్తుంది. పైగా కొన్ని పనులకి నీచమన్న ముద్ర వేస్తుంది. అలాంటి పని చేసే మనిషికి దాని మీద ఏవగింపు, తప్పించుకోవాలన్న కోరిక పుట్టి తీరతాయి. మనసూ బుద్ధీ పెట్టని చోట సమర్థత ఎక్కడిది? సారాంశం ఇది. పనితీరు, తృప్తి ఈ రెండింటికీ, సమాజం ఆ పనికి ఇచ్చే విలువకీ ఉన్న ముడిని ఆయన అప్పుడే చూపించారు. 1928లోనే బొంబాయి శాసనమండలిలో కార్మిక స్త్రీల ప్రసూతి ప్రయోజనాల బిల్లుకి మద్దతుగా మాట్లాడిన మనిషి ఆయన. నర్సింగ్ కాలేజీలో సైకాలజీ, సోషియాలజీ చెప్పే మిత్రులారా, ఈ పేజీలు పాఠంలో కలపండి.

ఇప్పుడు మా పేట అమ్మాయి ప్రశ్నకి జవాబు. కులం వ్యక్తిగత గడిలో రాస్తే అది ఆ నర్సు తెచ్చుకున్న లోపంలా కనిపిస్తుంది. పనిచోటి గడిలో రాస్తే ఆసుపత్రి గేటు దగ్గరే పుట్టినట్టు కనిపిస్తుంది. రెండూ కాదు. ఎవరి పిల్ల ఏ కోర్సులో చేరింది, ఎవరికి నైట్ డ్యూటీలు ఎక్కువ పడ్డాయి, ఎవరు ఎదురు మాట్లాడగలరు అన్న ప్రతి గడి కిందా అది పునాదిలా ఉంది. కాబట్టి ప్రతి ప్రశ్ననీ కులం వారీగా విడదీసి లెక్క చూడాలి.

5. వార్డులో లెక్క

ఇది నర్సుల బాధ మాత్రమే అనుకునేవాళ్ళు ఈ లెక్క చూడండి. 2002లో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల మీద చేసిన అధ్యయనం అచ్చయింది. నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడిన ప్రతిసారీ, ఆపరేషనైన రోగి 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. నర్సు ఒళ్ళూ మనసూ అలిసి పని మీదే విరక్తి కలిగే అవకాశం 23 శాతం, ఉద్యోగంలో అసంతృప్తి 15 శాతం పెరిగాయి. అంటే నర్సు అసంతృప్తి, రోగి చావు ఒకే చెట్టు కాయలు. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి, 2004 నుంచి నర్సుకి ఇంతమంది రోగులే అని లెక్క కట్టింది.

మన దగ్గర? బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు అని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొలత పెట్టింది. ఏ పెద్దాసుపత్రికైనా రాత్రి పదింటికి వెళ్ళి మంచాలు లెక్కపెట్టండి, తర్వాత తెల్లచీరలు లెక్కపెట్టండి.

మా పిన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదకొండేళ్ళు చేసింది. రాత్రి డ్యూటీకి బయల్దేరితే కొత్తవలసలో అద్దెకిచ్చిన ఇల్లుగలావిడ, "రాత్రేల ఎల్లి తెల్లారి వచ్చే ఆడోళ్ళకి మా ఇల్లు సరిపోదమ్మా" అంది. ఆసుపత్రిలో ఒక రోగి తాలూకు మనిషి సెలైన్ పెట్టించుకున్నాక నెమ్మదిగా, "ఏ ఊరమ్మా? ఏ పేట? ఇంటిపేరేటి?" అని ఆరా తీసి, మర్నాటి నుంచి మందులు వేరే సిస్టర్ చేత ఇప్పించమన్నాడు. సూపర్‌వైజరు అతన్ని ఏమీ అనలేదు, పిన్ని వార్డు మార్చింది. పిన్ని ఇంటికొచ్చి నాతో అన్న మాట ఒక్కటే: "సూది పొడిసినప్పుడు అడగలేదురా, నొప్పి తగ్గాక అడిగాడు." ఏ ప్రశ్నావళిలో పడుతుంది ఈ మాట?

ప్రయాణం కూడా పనిచోటే. విజయనగరానికీ విశాఖకీ మధ్య ప్యాసింజర్ బళ్ళే మనకి దిక్కు. 2023 అక్టోబరు 29 సాయంత్రం కంటకాపల్లి దగ్గర రాయగడ ప్యాసింజర్ వెనక నుంచి పలాస ప్యాసింజర్‌ని గుద్దింది. పదిమందికి పైగా చనిపోయారు. దెబ్బలు తగిలినవాళ్ళని విజయనగరం, విశాఖ ఆసుపత్రులకి తరలించారు. అలాంటి రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకి ఇంటికెళ్ళే వేళ ఉండదు. ఆమె మర్నాడు ఎక్కాల్సిందీ ఆ బండే.

జీతం సంగతి. 2011 చివర కేరళ ప్రైవేటు నర్సులు సంఘం పెట్టుకుని సమ్మెలు చేశారు. బాండ్లు, సర్టిఫికెట్లు లాక్కుని దాచడం, చాలీచాలని జీతం మీద అది తిరుగుబాటు. 2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడ్డ కేంద్ర కమిటీ ఇలా సిఫారసు చేసింది: 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో సర్కారు నర్సుతో సమానం, 100 దాటితే అంతకంటే 10 శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 ఉంటే 25 శాతానికి మించి తగ్గకూడదు, 50 లోపు ఉన్నా 20,000 రూపాయలకి తగ్గకూడదు. ఇందులో ఎంత అందుతోందో మీ పేటలో నర్సునే అడగండి.

6. మనలో మన మెట్టు

నర్సింగ్ వృత్తికి గౌరవం పెరిగిన కొద్దీ బెడ్‌పాన్ పని ఆమె చేతి నుంచి కిందికి జారింది. ఎవరి చేతిలోకి? ఆయా, వార్డు స్వీపరు. ఉత్తరాంధ్ర ఆసుపత్రుల్లో ఆ చీపురు పట్టినవాళ్ళలో మన రెల్లి అక్కచెల్లెళ్ళు ఎంతమందో చూడండి. వాళ్ళలో ఎక్కువమంది ఔట్‌సోర్సింగ్. నర్సుకి "సిస్టర్" అన్న పిలుపు దక్కింది, ఆయాకి "ఏయ్" మిగిలింది. మాల మాదిగ నర్సు కూడా ఒక్కోసారి రెల్లి ఆయాని అలాగే పిలుస్తుంది. ఇది మనం మాట్లాడకపోతే ఇంకెవరూ మాట్లాడరు. నర్సుల సంఘం, పారిశుద్ధ్య కార్మికుల సంఘం ఒకే గేటు ముందు కూర్చున్న రోజే ఆసుపత్రి యాజమాన్యం నిజంగా భయపడుతుంది.

7. చెయ్యాల్సింది

విద్యార్థి మిత్రులారా, నర్సింగ్ ప్రాజెక్టులు చేసేవాళ్ళు కులం, కోర్సు, షిఫ్టు, జీతం కలిపి లెక్క తియ్యండి. పేర్లు బయటపెట్టకండి, ఉద్యోగం పోతుంది. మీ ఊళ్ళో పాత నర్సులు, మంత్రసానులు ఇంకా బతికుంటే వాళ్ళ మాటలు రికార్డు చెయ్యండి. మన చరిత్ర వాళ్ళ నోట్లోనే ఉంది, ఏ లైబ్రరీలోనూ లేదు.

కార్యకర్త మిత్రులారా, పదిమంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రతి ఆసుపత్రిలో 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ ఉండాలి. ఉందా అని అడగండి. సర్టిఫికెట్లు ఆపుకున్న యాజమాన్యాల మీద ఫిర్యాదుకి నర్సు ఒంటరిగా వెళ్ళకుండా చూడండి. కులం పేరుతో అవమానిస్తే 1989 అట్రాసిటీ చట్టం ఆసుపత్రి లోపల కూడా చట్టమే. 1947 నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. పాత కమిటీల కాగితాల్లా ఇది కూడా బీరువాలోకి పోకుండా ఇప్పుడే అడగాలి.

మే 12న పూలు ఇవ్వండి, కాదనను. పూలతో పాటు ఒక్క ప్రశ్న కూడా వెయ్యండి: "సిస్టర్, ఈ రాత్రి మీ మీద ఎంతమంది రోగులు?" ఆ జవాబులో ఆమె బతుకూ ఉంది, మన ప్రాణమూ ఉంది.

వచ్చే భాగంలో ఆసుపత్రి చీపురు చరిత్ర, రెల్లి కార్మికుల గురించి.

జై భీమ్. జై సావిత్రీబాయి.